గట్టు మీదికి మంచం

సారు నెల్లూరులో ఉంటాడు.
గుంటలు విడవలూరు దాటినాక, ఉప్పుకాలవ పక్కన.
రొయ్యల్ని సెల్లులో చూసుకోవాలని ఆయన
షెడ్డు చూరుకింద కెమెరా పెట్టించినాడు.
కెమెరాకి నెట్టు,
నెట్టుకి తెల్లడబ్బా,
డబ్బాకి రెండు కొమ్ములు,
కరెంటు పోతే ఉండనీ అని ఒక పాత బ్యాటరీ.

ఆ డబ్బా వచ్చినాక నా ఫోను గుణం మారింది.
అంతకుముందు షెడ్డులో ఒక్క గీత,
అదీ ఉంటే ఉంది, లేకుంటే లేదు.
ఇప్పుడు పొదలకూరు నుంచి మా చెల్లెలు సుబ్బరత్నం
నా దుప్పట్లో దూరి మాట్టాడినట్టుండేది.
"ఎంత దగ్గిరగా ఇనపడతుండావే" అని నవ్వేది.
గీతల పక్కన చిన్న విసనకర్ర బొమ్మ.
అదేందో నాకు ఎవురూ చెప్పలా.
చల్లగా ఉందిలే అనుకున్నా.

శ్రావణంలో ఒక రాత్రి
మూడు గంటలకి పావు తక్కవ
చక్రాలు ఆగినయి.
ఏరియేటర్ల హోరులో నిద్రపోయే దాన్ని నేను,
నిశ్శబ్దమే నన్ను చరిచి లేపుద్ది.
జనరేటరు తిప్పినా. దగ్గింది. మళ్ళీ తిప్పినా. దగ్గలా.
మస్తానయ్యకి చేసినా.

ఎత్తినాడు మహానుభావుడు, ఒక్క రింగుకే.
"గాలి పట్టుంటదక్కా,
ఫిల్టరు మీద చిన్న మర ఉంటది చూడు,
దాన్ని..."

దాన్ని?

డబ్బా బ్యాటరీ అప్పుడే చచ్చింది.
కొమ్ముల కింద పచ్చదీపం ఆరిపోయింది.
ఫోను మాత్రం
మూసేసిన అంగడి ముందు చేసంచీతో నిలబడ్డ మనిషి మాదిరి
అక్కడే నిలబడింది.
హలో అంటా ఉండా. హలో.
మర ఎడమకా? కుడికా?

గట్టు మీదికి ఉరికినా.
టార్చి వేస్తే మూడో గుంట అంచంతా ఎర్రటి కళ్ళు,
వేలో లక్షలో,
అన్నీ పైకి తేలి, గాలికోసం.
ఎప్పుడూ చెయ్యి తగలనియ్యనివి
చేత్తో తోడుకోమన్నట్టు దగ్గిరికొచ్చినయి.

గుంట మూలకి పోతే రెండు గీతలు.
"చెప్తా ఉంటే కట్ చేస్తివేందక్కా!"
"నేను చెయ్యలా నాయనా, రా!"
టీవీఎస్ మీద పానాలు గలగలమంటా వచ్చినాడు.
రెండు గుంటలు దక్కినయి.
మూడోది తెల్లారేసరికి
తెల్లగా.

సారు పొద్దున్నే వచ్చినాడు.
రాత్రి కెమెరాలో అంతా నలుపే గదా, ఆయనకేం కనపళ్ళా.
"ముందే ఎందుకు ఫోన్ చెయ్యలేదు వెంగమ్మా?"
ఫోను తీసి చూపించినా.
మస్తానయ్య. తొమ్మిది సెకన్లు.
చూసి, తలకాయ ఊపి,
కాటా వాళ్ళతో మాట్టాడబోయినాడు.

మధ్యాన్నం మేతబస్తాల మీద కూర్చుని
ఫోను కడుపులోకి దిగినా.
సిమ్ము, సిమ్ము కింద కాల్స్,
కాల్స్ కింద ఎక్కడో అడుగున
వైఫై కాలింగ్.
మీట పచ్చగా వెలగతా ఉంది, ఏమీ ఎరగనట్టు.
వేలితో అట్ట తోస్తే
బూడిద రంగుకి తిరిగింది.
అంతే పని.
దానికి ఒక గుంట పంట ఖరీదు.

ఇప్పుడు షెడ్డులో మళ్ళీ ఒక్క గీత.
మంచం గట్టు మీదికి లాక్కున్నా,
నలభై అడుగులు,
మూడో గుంట మూలకి.
దోమతెర కట్టను నాలుగు సరుగుడు కర్రలు.
సముద్రం గాలికి దుప్పటి నిలవదు.

సుబ్బరత్నం మొన్న చేసింది.
"ఏందే, అంత దూరంగా ఇనపడతుండావు?"
"దూరంగానే గదా ఉండా" అన్నా.
కాసేపు పలకలా.
తర్వాత ఏందో అనింది, చక్రాల హోరులో పోయింది.
మళ్ళీ చెప్పమన్నా.
చెప్పింది. అదీ సగం పోయింది.
ఇంకోసారి చెప్పించుకున్నా.

ఆ మర ఎడమకి.
నురగొచ్చి, నురగ పోయి,
ఉత్త డీజిలు కారినాక కుడికి.
షెడ్డు తలుపు మీద సుద్దతో రాసిపెట్టినా.
వానకి చెరిగినప్పుడల్లా
దిద్దతా ఉంటా.